మా ఓడ చివరి మధ్యాహ్నం

నేను రిటైరై ఆర్నెల్లయింది. పద్నాలుగేళ్ళు న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి రోజూ కారేసుకుని ఉద్యోగానికి వెళ్ళినన్నాళ్ళూ, నేనేం చేస్తానని మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఒక్కరూ అడగలేదు. అక్కడ అందరూ కంప్యూటర్ల వాళ్ళే కాబట్టి నేనూ అదే బాపతు అనుకున్నారు. తీరా మానేశాక ఇప్పుడు అడుగుతున్నారు.

మొన్న మా పై ఫ్లోర్‌లో ఉండే స్పందన వచ్చింది. లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తోంది. "ఆంటీ, ఆర్కైవ్స్‌లో స్కోప్ ఉంటదా? హెచ్ వన్ స్పాన్సర్ చేస్తారా? ఫ్రాంక్‌గా చెప్పండి" అంది.

"స్కోప్ సంగతి నాకు తెలియదు తల్లీ. పని ఎలా ఉంటుందో అయితే చెప్పగలను."

"అయితే రాసివ్వండి ఆంటీ. మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరున్నరు, ఫార్వర్డ్ చేస్తా."

అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నాకు ఒక్కటీ రాలేదు కాబట్టి దాచిపెట్టడానికీ ఏమీ లేదు. ఒక ఓడ గురించీ, ఒక బాసు గురించీ, నేను చేసిన ఒక తప్పు గురించీ రాస్తాను. ఆ తప్పు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. అయినా ఆ గదిలోకి ఇంకొక్క రోజు వెళ్ళనిస్తామంటే ఈ క్షణం చెప్పులేసుకుని బయల్దేరతాను.

ఎలా దూరానంటే

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో జపనీస్ నేర్చుకున్నాను. పంపులు తయారుచేసే ఒక జపాన్ కంపెనీలో దుబాసీగా కొన్నాళ్ళు పనిచేశాను. పెళ్ళయ్యాక మా ఆయన వీసా మీద అమెరికా వచ్చాను. డిపెండెంటు వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. భాష మర్చిపోతానేమోనన్న భయంతో రైస్ కుక్కర్‌తో వచ్చిన జపనీస్ కాగితాన్ని పైకి చదువుకునేదాన్ని. వినేవాళ్ళుంటే పిచ్చిదనుకునేవారు.

2001లో గ్రీన్ కార్డ్ వచ్చింది. అదే నెలలో ఒక ప్రకటన చూశాను. అరగంట దూరంలో ఉన్న ఒక నౌకాచరిత్ర గ్రంథాలయానికి చేతిరాత జపనీస్ చదవగలిగేవాళ్ళు కావాలట.

"యుద్ధనౌకలా? పడవెక్కితేనే నీకు వాంతులు కదే!" అన్నారు మా ఆయన.

"ఎక్కమనడం లేదండీ, చదవమంటున్నారు."

పని ఇదీ. యుద్ధం అయిపోయాక అమెరికా వాళ్ళ చేతికి చిక్కిన జపాన్ నౌకాదళం కాగితాలు మైక్రోఫిల్మ్ చుట్టల్లో ఉంటాయి. వాటిని రీడర్ అనే యంత్రంలో పెట్టి, తెర మీద చదివి, ఒక్కో ఓడ యుద్ధకాలంలో ఏ రోజు ఎక్కడుందో పట్టిక తయారుచేయాలి. దాన్ని ఆ ఓడ సర్వీస్ హిస్టరీ అంటారు. నాకు ఒక లైట్ క్రూజర్ అప్పగించారు.

లైట్ క్రూజర్ అంటే పెద్ద యుద్ధనౌకకూ చిన్న డిస్ట్రాయర్‌కూ మధ్య రకం. జపాన్ వాళ్ళు వాటికి నదుల పేర్లు పెట్టేవారు. మా ఓడదీ నది పేరే. అందులో పోయినవాళ్ళ కుటుంబాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయను. మా ఓడ అనే అంటాను. ఆఫీసులోనూ అలాగే అనేదాన్ని.

ఓడతో కాపురం

యుద్ధనౌక చరిత్ర అంటే ఫిరంగులూ పేలుళ్ళూ అనుకుని వచ్చేవాళ్ళు మొదటి వారంలోనే పారిపోతారు. రోజుల తరబడి ఇంధనం పట్టుకోవడం, మంచినీళ్ళు పట్టుకోవడం, లంగరు వేయడం, లంగరు ఎత్తడమే. మా ఓడ యుద్ధం మొదలయ్యేనాటికే ముసలిది. మొదటి ఏడాది సైనికుల్ని మోసే ఓడలకు కాపలా వెళ్ళింది. తర్వాత డిస్ట్రాయర్ల దండుకు పెద్దదిక్కుగా ఉంది. దీవుల్లో సైన్యం ఆకలితో మాడుతుంటే బియ్యం మోసింది. ఒకసారి బాంబు దెబ్బ తిని, సొంత దేశం వెళ్ళి రిపేరు చేయించుకుని, ఒక పెద్ద ఫిరంగి తీయించేసుకుని, దాని స్థానంలో విమానాల్ని కొట్టే చిన్న తుపాకులు పెట్టించుకుని మళ్ళీ వచ్చింది. చివరికి ఒక దీవి రేవు నుంచి మధ్యాహ్నం బయల్దేరి, మర్నాడు తెల్లవారేలోపు జలాంతర్గామి దెబ్బకు మునిగిపోయింది. ఇంత చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టదు. తెలుసుకోవడానికి మూడేళ్ళు పైన పట్టింది.

ఆ మూడేళ్ళూ నేను ఆ ఓడతో కాపురం చేశానంటే అతిశయోక్తి కాదు. ఓడ డైరీ రాసే గుమాస్తా చేతిరాత నాకు మా అన్నయ్య చేతిరాతంత బాగా తెలుసు. వర్షం పడిన రోజు ఆయన అక్షరాలు పెద్దవిగా ఉండేవి. ఎందుకో ఏమో! ఒకరోజు ఉన్నట్టుండి చేతిరాత మారిపోయింది. ఆయనకేమయిందో ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు నేను మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

మా బాసు పేరు వాల్టర్. నౌకాదళంలో పనిచేసి వచ్చినాయన. ముక్కు మీద కోపం. నేను పట్టికలో ఒకచోట 'దురదృష్టవశాత్తూ' అని రాస్తే ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు. "ఓడకి దురదృష్టం ఉండదు సుభద్రా, పొజిషన్ ఉంటుంది" అన్నారు. కుటుంబాల నుంచి ఉత్తరాలు వస్తే రెండు వాక్యాల్లో జవాబిచ్చి చేతులు దులుపుకునేవారు. అది నాకు నచ్చేది కాదు. ఇప్పటికీ నచ్చదు. కానీ ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఒకరు చదివింది ఇంకొకరు మళ్ళీ మొదటినుంచి చదివేదాకా ఏ కుటుంబానికీ ఏమీ చెప్పకూడదు. ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు నేనిచ్చే సలహా అదొక్కటే.

హనాయె గారి గిన్నె

పట్టిక ముగింపుకొచ్చిన రోజుల్లో ఒక మంగళవారం హనాయె గారు వచ్చారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. 1950ల చివర్లో ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని న్యూజెర్సీ వచ్చేశారు. భర్త పోయారు. మా లైబ్రరీకి ఇరవై నిమిషాల దూరంలో ఒంటరిగా ఉండేవారు. ఆమె తండ్రి మా ఓడ ఇంజన్ గదిలో పనిచేశారు. ఆయన్ను చివరిసారి చూసినప్పుడు ఆమెకు ఆరేళ్ళు.

నేను జపనీస్‌లో పలకరించగానే ఆవిడ ముఖం చూడాలి! ఇన్నేళ్ళు ఆఫీసు కాగితాలతోనే మాట్లాడిన నా జపనీస్ కూడా ఆ రోజు ప్రాణం పోసుకుంది. తర్వాత ప్రతి మంగళవారం వచ్చేవారు. నేను పులిహోర తెస్తే ఆవిడ నోట్లో వేసుకుని, "మా బియ్యానికి మీరు ఇంత పులుపు పెడతారా సుభద్రా సాన్!" అనేవారు. సాన్ అంటే మన 'గారు' లాంటిది. మళ్ళీ పెట్టించుకునేవారు.

ఆవిడ కోరింది ఒక్కటే. జపాన్‌లో ఒక ఆచారం ఉందట. దూరదేశం వెళ్ళిన ఇంటిమనిషి క్షేమంగా ఉండాలని, ఇంట్లో ఆయన చోట రోజూ గిన్నెలో అన్నం వడ్డించి పెడతారు. మనిషి పోయాడని తెలిశాక ఇక అలా పెట్టరు, పూజాపీఠం దగ్గర పటం ముందు పెడతారు. ఓడతోపాటు వాళ్ళ నాన్నా పోయారని ప్రభుత్వం కాగితం పంపింది. కానీ జ్వరమొచ్చి దీవి ఆసుపత్రిలో దిగిపోయాడని ఎవరో తోటి నావికుడి భార్య చెప్పిందట. తల్లి ఆ మాటనే పట్టుకుంది. చచ్చేదాకా బల్ల మీదే అన్నం పెట్టింది. "నిజం తెలిసేదాకా నువ్వు పెట్టు" అని కూతురికి అప్పగించి పోయింది. హనాయె గారు నలభై ఏళ్ళకు పైగా న్యూజెర్సీ వంటింట్లో పెడుతూనే ఉన్నారు.

"మా నాన్న గిన్నె బల్ల మీద ఉండాలా, పటం ముందుండాలా? నాకు అది చెప్పండి చాలు" అన్నారు.

మనకైనా అంతే కదా. మనిషి పోయిన తిథి తెలియకపోతే తద్దినం పెట్టేవాడు ఎంత అల్లాడిపోతాడు! నాకు ఆవిడ బాధ ఇట్టే అర్థమయింది. అర్థమవడమే కొంప ముంచింది.

నోరు జారడం

చనిపోయినవాళ్ళ జాబితాలో ఆయన పేరుంది. అయితే అది ఎవరో చూసి రాసింది కాదు. ఓడలో ఉండాల్సినవాళ్ళ పేర్లలోంచి బతికి బయటపడ్డవాళ్ళ పేర్లు తీసేసి, మిగిలినవి రాశారు. కాబట్టి దాన్ని నమ్మడానికి లేదు. రెండు నెలలు వెతికాను. చివరికి ఆ దీవి ఆసుపత్రి రిజిస్టర్ దొరికింది. ఓడ బయల్దేరిన రోజు పుటలో ఆయన పేరు! అవే అక్షరాలు, అదే ఓడ, అదే హోదా. జ్వరం తగ్గింది, డిశ్చార్జి, మధ్యాహ్నం మూడు గంటలు.

రేవు కార్యాలయం రిజిస్టర్ నా దగ్గర ముందే ఉంది. మా ఓడ రేవు వదిలింది రెండు గంటలకి.

ఆయన ఆసుపత్రి గుమ్మం దాటేసరికి ఓడ వెళ్ళిపోయి గంటయింది! ఆ దీవిలో మిగిలిపోయిన సైనికుల్లో కొందరు యుద్ధం అయ్యాక ప్రాణాలతో ఇంటికి చేరారు కూడా. వాల్టర్ ఆ వారం ఊళ్ళో లేరు. రెండోసారి చదివేవాళ్ళు లేరు. ఆగాలి. ఆగలేదు. వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసేశాను.

"హనాయె సాన్, మీ నాన్నగారు ఆ ఓడ ఎక్కలేదు."

అవతల ఆవిడ చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయనతో, "ఇవాళ నేను ఒకావిడకి తండ్రిని తెచ్చిచ్చానండీ" అన్నాను. ఎంత పొగరు!

ఆవిడ తండ్రి కోసం కొత్త గిన్నె కొన్నారు. జపాన్‌లో ఉన్న తమ్ముడికి చెప్పారు. ఆ దీవి నుంచి తిరిగొచ్చినవాళ్ళకు ఉత్తరాలు రాశారు. ఇద్దరూ కలిసి దీవికి వెళ్ళడానికి టికెట్లు బుక్ చేశారు. ప్రతి మంగళవారం ముస్తాబై వచ్చి కొత్త ఊహ చెప్పేవారు. "అక్కడే ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటారా? ఏం ఫర్వాలేదు, చెల్లెలుంటే నాకు ఇష్టమే." ఆవిడ అంత అందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నాలుగు గంటల ఇరవై నిమిషాలు

ఆరు వారాల తర్వాత వాల్టర్ తనిఖీ కోసం ఆ పుటలు సర్దుతున్నాను. రేవు రిజిస్టర్‌లో రోజూ చివరి పంక్తి సూర్యాస్తమయం. ఎప్పుడూ చూసే పంక్తే. ఆ రోజు ఎందుకో కన్ను అక్కడ ఆగింది. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. పక్కన ఆసుపత్రి రిజిస్టర్ చూశాను. వార్డుల్లో దీపాలు పెట్టింది ఆరున్నరకి.

ఒకే దీవిలో ఒకచోట నాలుగూ ఇరవైకి, ఇంకోచోట ఆరున్నరకి పొద్దుగూకుతుందా?

జపాన్ నౌకాదళం ఎక్కడ తిరిగినా టోక్యో టైమే వాడేది. ఈ పనిలో చేరినవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. నేను దాన్ని ఎంత బాగా నేర్చుకున్నానంటే, ప్రతి కాగితానికీ అదే అంటగట్టేశాను. ఆసుపత్రి యుద్ధానికి ముందునుంచీ అక్కడున్నది. దాని గడియారం దీవి గడియారం, టోక్యోకి రెండు గంటలు ముందు. అంటే ఆసుపత్రి మూడు గంటలు ఓడకు ఒంటిగంట. ఆయన బయటికొచ్చాక ఓడ ఇంకా గంటసేపు రేవులోనే ఉంది.

పోయి పోయి ఈ తప్పు చేయాల్సింది నేనా? ఇండియా టైమూ ఇక్కడి టైమూ వేళ్ళ మీద లెక్కపెట్టుకోకుండా మా వదినకి ఒక్క ఫోన్ చేసిన మొహమా నాది? తెలియక చేసిన తప్పయితే ఇంత మంట ఉండేది కాదు. నాకంతా తెలుసన్న ధీమాతో చేశాను.

రేవు రిజిస్టర్‌లో ఓడ బయల్దేరిన పంక్తికి పై పంక్తి కూడా అప్పుడే సరిగ్గా చదివాను. 'ఒంటిగంటా నలభై. క్రూజర్ లాంచి బయల్దేరింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినవారు ముగ్గురు.' లాంచి అంటే రేవు నుంచి ఓడకు మనుషుల్ని చేర్చే చిన్న పడవ. ఇంతకుముందు వాళ్ళెవరో వేరే ముగ్గురనుకుని వదిలేశాను. ఆసుపత్రి పుట తిరగేస్తే, ఆ రోజు మా ఓడవాళ్ళు డిశ్చార్జి అయింది సరిగ్గా ముగ్గురే. ముగ్గురూ మూడింటికే.

వాల్టర్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. రెండు పుటలూ తానే పట్టి పట్టి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఫోన్‌లో చెప్పొద్దు. ఇప్పుడే వెళ్ళు" అన్నారు.

ఆవిడ ఇంట్లో

నేను వెళ్ళేసరికి బల్ల మీద మూడు గిన్నెలున్నాయి. ఫోన్ చేసి వస్తున్నానన్నానని నాకూ పెట్టారు. చేపల పులుసు వాసన. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

ఆవిడ అంతా విన్నారు. "ఒంటిగంటకి బయటికొచ్చారు. ఓడ రెండింటికి. ఎక్కారు."

"ఎక్కారు. నన్ను క్షమించండి. నేను ఆగాల్సింది."

ఆవిడ లేచి నా గిన్నె తీశారు. తన గిన్నె తీశారు. కొత్త గిన్నె ఎత్తి, అందులో అన్నాన్ని చాలాసేపు చూశారు. తర్వాత జపనీస్‌లో అత్యంత మర్యాదగా, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడే పద్ధతిలో, "ఇంత దూరం శ్రమపడి వచ్చినందుకు కృతజ్ఞతలు" అన్నారు. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. ఒక కిరాణా షాపు పార్కింగ్ లాట్‌లో కారు ఆపుకుని కళ్ళు వాచేలా ఏడ్చాను.

ఏడు మంగళవారాలు ఆవిడ రాలేదు. రీడర్ పక్కన ఆవిడ కుర్చీ అలాగే ఉంచాను. తలుపు చప్పుడైతే చాలు తల తిప్పేదాన్ని. ఇప్పుడు ఆవిడే లేరు, పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ మంగళవారం పొద్దున్నే పులిహోర కలపాలని చెయ్యి పోతుంది. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఉంటే ఇలాగే ఉండేదేమో ఆ బెంగ.

దారి

ఎనిమిదో మంగళవారం వచ్చారు. పలకరింపులు లేవు.

"ఆ దారి చూపించండి" అన్నారు.

యుద్ధకాలంలో గీసిన ఆ దీవి పటం తెచ్చి పెద్ద బల్ల మీద పరిచాను. కొండ మీద ఆసుపత్రి. అక్కడ్నుంచి వంకర్లు తిరుగుతూ దిగే మట్టిరోడ్డు. మధ్యలో ఒక చిన్న వంతెన. కింద లాంచి ఎక్కే జెట్టీ.

"ఎంత దూరం?"

"మూడు మైళ్ళు."

"బండి ఇచ్చారా?"

"లేదు. రిజిస్టర్‌లో కాలినడక అని ఉంది."

"నడిస్తే ఎంతసేపు?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకయితే గంట."

"ఆయనెంతసేపట్లో వెళ్ళారు?"

ఆవిడే లెక్క వేసుకున్నారు. ఒంటిగంట నుంచి ఒంటిగంటా నలభైకి.

"పరుగెత్తారన్నమాట. జ్వరం నుంచి లేచిన మనిషి."

"రిజిస్టర్‌లో అలా లేదు హనాయె సాన్." ఈసారి జాగ్రత్తగా ఉన్నాను.

"మీ రిజిస్టర్ చెప్పదు. నేను చెప్తున్నాను. ఇరవై నిమిషాలు ఆలస్యమై ఉంటే చాలు. ఒక్కచోట కూర్చుని కాసిని నీళ్ళు తాగినా చాలు."

ఆవిడ వంగి, చూపుడువేలు ఆసుపత్రి మీద పెట్టారు. ఆ వేలు రోడ్డు మీదుగా కదిలింది. ఎంత మెల్లగానంటే, కదులుతోందని నాకు మొదట తెలియలేదు. పెదవులు కదులుతుంటే దగ్గరగా వంగి విన్నాను. నాతో కాదు మాట్లాడేది. ఆరేళ్ళ పిల్ల భాష అది.

"మెల్లిగా నాన్నా. తొందరేం లేదు. మెల్లిగా నడు."

వంతెన దగ్గర వేలు ఆగింది. వాల్టర్ ఏదో కాగితం పట్టుకుని లోపలికి వచ్చారు. చూసి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. గోడ మీద గడియారంలో నలభై నిమిషాలు దాటిపోయాయి, గంట అయింది. ఆవిడ వేలు వంతెన మీదే ఉంది. జెట్టీ దాకా పోనివ్వలేదు.